పొగను పాతిపెట్టే ఖర్చు ఎవరి ఖాతాలో?

నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారం నుంచి ఓడలో వెళ్ళే ఒక సరుకును డబ్బిచ్చి కొనేవారు లేరు. మైనస్ 26 డిగ్రీల చలిలో ద్రవంగా మార్చిన కార్బన్ డయాక్సైడ్ అది. పశ్చిమ తీరంలోని ఓయ్‌గార్డెన్‌లో దించి, 100 కిలోమీటర్ల గొట్టం గుండా తోసి, సముద్రపు అడుగుకు 2,600 మీటర్ల దిగువన ఉన్న రాతిపొరల్లోకి ఎక్కిస్తారు. 2025 ఆగస్టులో తొలి విడత లోపలికి వెళ్ళింది. చెత్తబండి వ్యాపారం లాంటిదే ఇది కూడా: సరుకు ఇచ్చినవారే ఎదురు డబ్బు కట్టాలి.

పాతిపెట్టిన వాయువు మళ్ళీ పైకి తన్నుకొస్తుందేమో అన్న భయం చుట్టూనే చర్చంతా తిరుగుతుంది. డబ్బు మాత్రం ఎక్కువగా పొగగొట్టం దగ్గరే కరిగిపోతుంది. సహజవాయు విద్యుత్ కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతమే. సిమెంటు బట్టీ పొగలో 20 శాతం అటూఇటూ. అది ఎంత పలచగా ఉంటే వేరుచేయడం అంత ఖరీదు. అమైన్ అనే రసాయనం కలిపిన ద్రావణం దాన్ని పట్టుకుంటుంది గానీ, పట్టుకున్నదాన్ని వదిలించాలంటే ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా వేడిచేయాలి. బ్రెవిక్‌లో వృథాగా పోయే వేడినే ఇందుకు వాడుతున్నారు. ఆ వేడి సరిపోయినంత వరకే పడుతున్నారు: ఏటా 4 లక్షల టన్నులు, అంటే కర్మాగారం వదిలేదాంట్లో సగం. మిగతా సగం కూడా పట్టాలంటే ఆ వేడి కోసం విడిగా ఖర్చుపెట్టాలి. గొప్పలకు పోకుండా సగంతో ఆగిన ఆ లెక్క నాకు నచ్చింది.

ఈ సాంకేతికతను సమర్థించేవారు తరచూ చూపించేది నార్వేదే అయిన స్లైప్నర్ సహజవాయు క్షేత్రాన్ని. 1996 నుంచి చాలా ఏళ్ళపాటు అక్కడ ఏటా దాదాపు 10 లక్షల టన్నులు భూమిలోకి పంపారు. వారు చెప్పనిది ఒకటుంది. అక్కడి సహజవాయువులో కార్బన్ డయాక్సైడ్ సుమారు 9 శాతం. దాన్ని తగ్గించకపోతే గ్యాస్ అమ్ముడుపోదు. వేరుచేసే ఖర్చు ఎలాగూ తప్పదు. ఆపైన గాలిలోకి వదిలితే 1991లో వేసిన కార్బన్ పన్ను కట్టాలి. పాతిపెట్టడమే చవక అయింది.

అమెరికాలో పొగను పట్టే పెట్రా నోవా ప్రాజెక్టుది వేరే కథ. సుమారు 100 కోట్ల డాలర్లతో టెక్సస్ బొగ్గు విద్యుత్ కేంద్రానికి తగిలించి, 2017లో మొదలుపెట్టారు. పట్టిన వాయువును పాత చమురు క్షేత్రంలోకి ఎక్కించి మరింత చమురు తోడడమే అక్కడి ఆదాయం. 2020లో చమురు ధర పడిపోగానే మూతపడి, 2023లో గానీ తిరిగి తెరుచుకోలేదు. పర్యావరణం పేరు మీద నడిచిన చమురు వ్యాపారం అది.

అయితే కార్బన్ ధర పెంచితే చాలదా? ఐరోపాలో టన్ను కార్బన్ డయాక్సైడ్ వదలడానికి కొనాల్సిన అనుమతి ధర 2023 ఫిబ్రవరిలో 100 యూరోలు దాటింది. ఏడాది తిరిగేసరికి 60కి దిగువన ఉంది. ఈ ఊగిసలాటను నమ్ముకుని పదుల ఏళ్ళు మన్నాల్సిన గొట్టాన్ని ఎవరు వేస్తారు? అందుకే నార్వే ప్రాజెక్టు ఖర్చులో మూడింట రెండొంతుల దాకా ప్రభుత్వమే భరిస్తోంది.

ప్రజల సొమ్ము పెట్టాల్సివస్తే సిమెంటుకే పెట్టాలి, బొగ్గు విద్యుత్తుకు కాదు. బొగ్గుకు బదులు సౌర, పవన విద్యుత్తు ఉన్నాయి. సిమెంటు కోసం సున్నపురాయిని కాలిస్తే మాత్రం, ఏ ఇంధనంతో కాల్చినా, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పల్నాడు, నల్గొండ బట్టీలదీ అదే రసాయనం. అయితే అక్కడ ఏ ఒక్క కర్మాగారానికీ తనకోసం తాను గొట్టం వేసుకోవడం గిట్టుబాటు కాదు. గొట్టం వ్యాసం రెట్టింపైతే లోపలి వైశాల్యం నాలుగింతలవుతుంది, తవ్వే కందకం మాత్రం ఒక్కటే. కృష్ణా తీరం వెంట వరుసగా ఉన్న కర్మాగారాలన్నీ కలిస్తేనే టన్ను ఖర్చు దిగుతుంది. రోజూ బస్తా ధర దగ్గర పోటీపడే ఆ కంపెనీలను ఒకే గొట్టం దగ్గరికి చేర్చడం, బహుశా, అమైన్ ద్రావణం కంటే కష్టమైన పని.