ఆహార నిపుణురాలిని కసిరిన వైనం

పాపకు ఆరో వారం నడుస్తోంది. కోలిక్ ఏడుపు తారస్థాయికి చేరేది దాదాపు ఆ వయసులోనేనట. రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలు దాటి ఏడిచే ఆరోగ్యవంతమైన శిశువుకు ఉన్నది కోలిక్ అని 1954లో వెస్సెల్ అనే వైద్యుడి బృందం లెక్క కట్టింది. మా పాప అన్ని పేపర్లలోనూ ఫస్టు క్లాసులో పాసయింది.

ఇక సలహాలకు కొదవేముంది! సోంపు నీళ్లు పట్టమన్నారు ఒకరు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదన్న మాట ఆయన చెవికెక్కలేదు. ఏడాది నిండని బిడ్డకు బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషబాధ ప్రమాదం తెచ్చిపెట్టే తేనెను నాకించమన్నారు మరొకరు. గ్రైప్ వాటర్ భక్తులు సరేసరి. 1851లో ఇంగ్లాండ్‌లో పుట్టిన ఆ మందు తొలి పాళ్లలో సోడా, చక్కెరతో పాటు ఆల్కహాలు కూడా ఉండేది కాబట్టి, అప్పటి పిల్లలు ఏడుపు మానేశారంటే అందులో వింతేముంది?

చివరికి, లోపం నా తిండిలోనే ఉందని ఇంటిల్లిపాదీ తీర్మానించి, ఒక ఆహార నిపుణురాలితో ఫోనులో మాట్లాడే ఏర్పాటు చేశారు. ఆవిడ ఫోను చేసే సమయానికే పాప ఏడుపు అందుకుంది.

ఇక్కడొక సాంకేతిక విషయం మనవి చేసుకోవాలి. బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసుకుని, పొట్ట కింద అరచేయి ఆనించి, మెల్లగా ఊపుతూ 'ష్ష్ష్' అనడం నేను నేర్చుకున్న విద్య. ఈ శబ్దం గుసగుసలాడినట్టు ఉంటే లాభం లేదు; అది ఏడుపును దాటి బిడ్డకు వినిపించాలి, బిడ్డ తగ్గిస్తే మనమూ తగ్గించాలి. పాప అప్పటికి తగ్గించే ఉద్దేశంలో లేదు. ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాను.

"మీరు ముందుగా ఆవుపాలు మానాలి," అన్నారావిడ.

"ష్ష్ష్ష్!" అన్నాను నేను, పాపతో.

అవతల క్షణం నిశ్శబ్దం. "పెరుగు, జున్ను కూడా..."

"ష్ష్ష్ష్ష్!"

"మేడమ్, గుడ్లు..."

"ష్ష్ష్ష్ష్ష్!"

మానవలసిన పదార్థాల జాబితా చదువుతున్న నిపుణురాలిని ఒక్కో పదార్థం దగ్గరా కసురుతున్న తల్లిగా నేను వినిపిస్తున్నానన్న జ్ఞానం క్యాబేజీ దగ్గర గాని ఉదయించలేదు. ఉదయించినా ఏం చేయను? ఆపితే పాప ఊరుకోదు, ఆపకపోతే ఆవిడ ఊరుకోరు. "మీతో కాదండీ," అని అరిచాను. ఆ అరుపుకు పాప మరో శ్రుతి పెంచింది. "మరి ఎవరితో?" అన్నారావిడ అనుమానంగా, ఆ ఫోనులో మూడో మనిషి ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తున్నా సరే.

అన్నట్టు, ఆవుపాల ప్రోటీను పడని లక్షణాలు, అంటే మలంలో రక్తపు చారలు, ఒంటి మీద దద్దుర్లు, అదేపనిగా వాంతులు లాంటివి బిడ్డకు ఉన్నాయా అని ఆవిడ ఒక్క ముక్క అడగలేదు. అలాంటి అనుమానం ఉంటే డాక్టరు సలహాతో తల్లి పాల పదార్థాలను కొన్ని వారాలు మాని చూడడంలో అర్థముంది గాని, ఏ లక్షణమూ లేని బిడ్డ పేరు చెప్పి తల్లి కంచంలో కంచాన్ని మాత్రమే మిగల్చడం ఏం వైద్యమో నాకు బోధపడలేదు. తల్లిపాలు తాగే పిల్లలకు లాక్టోబాసిల్లస్ రూటెరీ అనే ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) చుక్కలు కొంత మేలు చేస్తాయని పరీక్షల్లో తేలిందిగా, వాటి మాటేమిటని అడగబోయేసరికి, "ముందు మీరు కోపం తగ్గించుకోండి," అని ఆవిడ ఫోను పెట్టేశారు. అదే క్షణంలో పాప ఇంటి గోడలు అదిరేలా గాలి వదిలి, హాయిగా నిద్రపోయింది.

రాత్రికి ఆవిడ దగ్గర నుంచి ఆహార పట్టిక వచ్చింది. అందులో మొదటి అంశం: "తల్లి మనశ్శాంతి కోసం పడుకునే ముందు ఒక గ్లాసు గోరువెచ్చని ఆవుపాలు."