ఇత్తడి స్తంభం గారికి పక్కనున్న మెట్లు వ్రాయునది

మహారాజశ్రీ ఇత్తడి స్తంభం గారికి,

ఉభయకుశలోపరి. నాకు కుశలమేమీ లేదు గానీ, మర్యాదకి రాశాను.

పాత సెంట్రల్ ఫైర్ స్టేషన్ చూడ్డానికి ఎవరొచ్చినా ముందు మిమ్మల్నే నిమురుతారు, మీతోనే ఫొటో దిగుతారు. ఏమిటండీ మీ గొప్ప? పై అంతస్తులోంచి ఫైర్‌మెన్ జారి దిగే స్తంభమేగా! మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవా!

1878లో చికాగోలో, నల్లజాతి ఫైర్‌మెన్ ఉన్న 21వ ఇంజిన్ దళం వాళ్లు ఫైరింజన్లు లాగే గుర్రాల గడ్డిని మూడో అంతస్తులో దాచేవాళ్లు. గడ్డి మోపులు కట్టడానికి వాడే కొయ్యవాసం పట్టుకుని ఒకాయన సర్రున జారి అందరికన్నా ముందు కిందికి చేరాడు. అది చూడగానే, జారడానికి ఓ స్తంభమే పాతేస్తే పోలేదా అని ఆ దళం కెప్టెన్ డేవిడ్ కెన్యన్‌కి తట్టింది. దానికోసం పై అంతస్తు నేలకి కన్నం పెట్టుకుంటామంటే, మరమ్మతుల ఖర్చు మీరే పెట్టుకోవాలన్నాడట పై అధికారి. (ఆఫీసు ఎక్కడైనా ఆఫీసే.) అందరూ నవ్వారు. తీరా చూస్తే రాత్రిపూట మంటల దగ్గరికి ఆ నల్లజాతి దళమే ముందు చేరుతోంది. ఇంకేముంది, చికాగో స్టేషన్లన్నిటికీ కన్నాలే! 1880లో బోస్టన్ వాళ్లు మీకు ఇత్తడి యోగం పట్టించారు. అంతకుముందు మీరు వార్నిష్, మైనం పూసుకున్న పైన్ దూలం. ఇప్పుడా తళతళలు చూసి ఎవరనుకుంటారు?

నన్ను మాత్రం గుర్రాల పేరు చెప్పి మెలితిప్పారు. పైన వంట వాసన తగిలితే అవి మెట్లెక్కి వచ్చేస్తున్నాయని చుట్టుమెట్లు కట్టారంటారు. 1922లో న్యూయార్క్ దళం చివరి గుర్రాలకి కూడా సెలవిచ్చేసింది. నా మెలిక మాత్రం ఎవరూ విప్పలేదు.

మీకూ చెడ్డరోజులొచ్చాయి లెండి. జారి చీలమండలు విరగ్గొట్టుకునేవాళ్లు కొందరు, మీ కన్నంలోంచి డీజిల్ పొగ పడకగదిలోకి వస్తోందని గోల పెట్టేవాళ్లు కొందరు. కొత్త స్టేషన్లు చాలావరకు ఒకే అంతస్తు. అక్కడ మీరూ లేరు, నేనూ లేను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. గంట మోగితే మిమ్మల్ని వాటేసుకుని దిగిన మగధీరులు, తెల్లవారుజామున మసి మొహాలతో, మోకాళ్లు పట్టుకుని తిరిగొస్తారు చూడండి, అప్పుడు మీ దగ్గర ఒక్కడైనా ఆగాడా? నోరెత్తకుండా నా రెయిలింగే పట్టుకుంటారు.

ఇట్లు,
మెలికల మెట్ల వరుస

తా.క.: మూడో మెట్టు బోల్టు ఊడింది. మరమ్మతు ఖర్చు ఎవరిదో కాస్త కనుక్కుని చెప్పగలరు.