గురివింద గింజలో ఇరవయ్యో వంతు

తూటాలు కొట్లో కొనుక్కొచ్చి జింకను కొట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అదీ ఒక వేటేనా? ఇరవై తూటాల డబ్బా కొంటారు, రైఫిల్లో వేసుకుంటారు, జింక కనపడగానే ట్రిగ్గర్ నొక్కి సాయంత్రానికి కూర వండుకుని తినేస్తారు. క్రమశిక్షణ లేదు, పరిశోధన లేదు, ఎక్సెల్ షీట్ అసలే లేదు. డాలస్ పక్కన ఉంటూ నాలుగేళ్లుగా గరాజ్‌లో సొంతంగా తూటాలు చేసుకుంటున్న తెలుగువాడిగా దీని మీద నాలుగు మాటలు చెప్పాల్సిన బాధ్యత నాకుంది. (ఇంతకీ జింకను ఎప్పుడైనా కొట్టావా అని అడిగేవాళ్లు కాస్త ఓపిక పట్టండి, అక్కడికీ వస్తాను.)

ముందు తులం సంగతి. నా రైఫిల్ థర్టీ ఆట్ సిక్స్. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న తూటా కాబట్టి ఆ పేరు. దానికి నేను వాడే బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరిపోయే లోహపు ముక్క, 180 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే పాతకాలపు చిన్న తూకం). తెల్లవాళ్ల కాలంలో మన తులం ఎంతో తెలుసా? సరిగ్గా 180 గ్రెయిన్లే. ఇప్పుడు షాపుల్లో పది గ్రాములకు దించేశారు గానీ అసలు తులం 11.66 గ్రాములు. అంటే నేను కాల్చిన ప్రతిసారీ తులం ఎగిరిపోతుందన్నమాట, సీసమూ రాగీ అయితేనేం. ఈ విషయం మా ఆవిడకు గర్వంగా చెప్పాను. "ఆ తులమేదో నా మెడలోకి ఎగిరొచ్చేలా చూడండి" అంది.

ఇక తుపాకీ మందు తూకం. పౌడర్‌ను గ్రెయిన్లో పదో వంతు కూడా తేడా రాకుండా తూయాలి. కంసాలి గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది, కాబట్టి రాత్రి పదకొండింటికి ఊపిరి బిగబట్టి నేను వెతుకుతున్న తేడా గురివింద గింజలో ఇరవయ్యో వంతు. గరాజ్‌లో ఫ్యాన్ ఆపాలి, అదీ టెక్సస్ ఆగస్టులో. తలుపెవరూ తీయకూడదు, తీస్తే త్రాసు వణుకుతుంది. అంతకుముందు చేయాల్సిన చాకిరీ వేరే ఉంది. కాల్చాక మిగిలిన ఇత్తడి కేసులను (తూటా ఖాళీ గొట్టాలను) అక్రోట్ పెంకుల పొడి పోసిన మెషిన్లో రాత్రంతా తోమాలి (మిక్సీలో గులకరాళ్లు వేసినట్టు చప్పుడు, పక్కింటివాళ్లు మాట్లాడటం మానేశారు), ల్యూబ్ రాసి డై అనే అచ్చులోకి నెట్టి మళ్లీ సైజుకు తేవాలి, ల్యూబ్ తక్కువైతే కేసు అందులోనే ఇరుక్కుంటుంది, ఇక ఆ ఆదివారం మీద ఆశ వదులుకోవడమే. మూతి కోసి గరుకు తీయాలి, మందుకు నిప్పంటించే ప్రైమర్ ఎక్కించాలి, బుల్లెట్ ఎంత లోతున కూర్చోవాలన్నది అంగుళంలో వెయ్యో వంతుల్లో చూసుకోవాలి. మ్యాన్యువల్‌లో ఇచ్చిన తక్కువ మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి. ఈ ఒక్క మాటలో వెటకారం లేదు, మోతాదు మించితే పేలేది మన మొహం పక్కనే.

ఇంత చేసి సాధించిందేమిటంటారా? కొట్లో తూటాలతో వంద గజాల్లో నా రైఫిల్ ఒకటిన్నర అంగుళాల గ్రూప్ కొట్టేది (గ్రూప్ అంటే వరసగా కాల్చిన తూటాల కన్నాలు కాగితం మీద ఎంత వెడల్పున పడ్డాయన్నది). నా చేతి తూటాతో అంగుళానికి తగ్గింది! జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలుంటుంది, పెద్ద చపాతీ అంత. అంటే చపాతీలో ఎక్కడ తగలాలో అర అంగుళం తేడాతో ఇప్పుడు నేనే నిర్ణయించగలను. జింకకు ఆ తేడా తెలుస్తుందా అన్నది వేరే చర్చ.

గ్రూప్ కొలవడంలో ఒక శాస్త్రం ఉంది. ఐదు కాలిస్తే నాలుగు దగ్గరగా పడి ఒకటి పక్కకు పోయిందనుకోండి, అది ఫ్లయ్యర్, లెక్కలోకి రాదు. రెండు పోతే గాలి. మూడు పోతే పౌడర్ లాట్ మారిందని అర్థం, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆఫీసులో నేను డేటా ఎనలిస్టును, శాంపిల్ చిన్నదైతే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదని కుర్రాళ్లకు క్లాసు పీకేది నేనే. కానీ మూడు తూటాలు ఒకే కన్నంలోంచి పోయిన ఆ కాగితాన్ని మాత్రం ఫ్రేము కట్టించి గోడకు పెట్టాను. మర్నాడు అదే తూటాతో గ్రూప్ రెండంగుళాలు వచ్చింది. అది ఎండ. ఈ కారణాలన్నీ ఓపిగ్గా విని మా ఆవిడ "గురివింద గింజ తన నలుపెరగదట" అంది. తూకాల మీద తనకూ ఆసక్తి కలుగుతున్నందుకు సంతోషించాను.

డబ్బు ఆదా కోసమే ఇదంతా అని ఇంట్లో మొదట్లో చెప్పాను, ఆ మాట మీదే ఉన్నాను. సామానుకు 1,900 డాలర్లయింది. తూటాకు సుమారు డాలరు మిగులుతుంది. జింకలకు ఏడాదికి రెండు తూటాలు చాలు. 950 ఏళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది.

అసలు చిక్కు తూటాతో కాదు, పంచాంగంతో వచ్చింది. టెక్సస్‌లో తెల్లతోక జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. శనివారం, పైగా చాలా ఏళ్లలో కార్తీక మాసం. ఇంట్లోకి నీసు తెస్తే నన్ను గరాజ్‌లోనే ఉండమంది మా ఆవిడ. (అప్పటికే అక్కడే ఉంటున్నానని చెప్పలేదు.) "సీజన్‌తో పనిలేని జింకలున్నాయి కదా, ఏ నెలలోనైనా కొట్టుకో" అన్నాడు నేను వేటకెళ్లే ర్యాంచ్ పెద్దాయన. ఏవయ్యా అంటే, 1930ల్లో మన దేశం నుంచి తెచ్చి వదిలిన చుక్కల జింకలు, కృష్ణజింకలు. మాది కరీంనగర్, మా ఆవిడది గుంటూరు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. ఒకదాన్ని కొడితే పుట్టింటి ద్రోహం, రెండోదాన్ని కొడితే అత్తారింటితో యుద్ధం. 2014లో తెగిపోయిన రెండు రాష్ట్రాల పంచాయితీని గరాజ్‌లోంచి మళ్లీ రాజేయడం నాకిష్టం లేదు.

ఇక కార్తీకం వెళ్లి ధనుర్మాసం రాకముందు, శనివారం కాని రోజు, ఆఫీసులో రిలీజ్ లేని రోజు వెతికితే డిసెంబర్లో ఒక్క ఆదివారం దక్కింది. తెల్లవారుజామున మంచెలో కూర్చున్నాం. ఎనభై గజాల దూరంలో మొక్కజొన్న గింజల డ్రమ్ము, దానికి టైమర్. ఆరూ నలభై అయిదుకు అది గింజలు చిమ్ముతుంది, జింకలు ఆఫీసు బస్సుకు వచ్చినట్టు టైముకు వస్తాయి. వెయ్యి గజాలకు లెక్కలు కట్టే యాప్ ఫోన్లో పెట్టుకుని నేను వాటి కోసమే ఎదురుచూస్తున్నాను. పెద్దాయన దగ్గర తనకన్నా పాతదైన థర్టీ థర్టీ రైఫిల్ ఉంది, దాని తూటాలు పికప్ డాష్‌బోర్డు అరలో బోల్టుల మధ్య దొర్లుతుంటాయి. ఏటా రెండు జింకలు. గ్రూప్ ఎంత పెద్దాయనా అని అడిగితే, ఏ గ్రూప్ అన్నాడు.

జింక వచ్చింది. పక్కకు తిరిగి, కదలకుండా, పాఠ్యపుస్తకంలో బొమ్మలా నిలబడింది. నా గుండె గొంతులో కొట్టుకుంటోంది, స్కోప్‌లో ప్రపంచమంతా ఊగుతోంది, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాలని నాలుగేళ్లుగా చదివినదంతా మరిచి ఒక్క గుంజు గుంజాను. తులం బుల్లెట్ తిన్నగా వెళ్లి డ్రమ్మును తాకింది. గింజలు జలజలా కుప్ప పడ్డాయి. జింక అడవిలోకి పారిపోయి, పావుగంటలో చుట్టాలందరినీ వెంటబెట్టుకుని విందుకు తిరిగొచ్చింది.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను నోట్‌బుక్ తీసి తేదీ, ఉష్ణోగ్రత, పౌడర్ లాట్ నంబర్ రాసి, కింద ఎర్ర ఇంకుతో రాశాను: ఒక షాట్. ఫ్లయ్యర్. లెక్కలోకి రాదు.