సవరణ: కంచు గిన్నె రూట్ నోట్ 60 కాదు, 69

పూర్ణా మార్కెట్‌లో కొన్న కంచు గిన్నెను చెక్క గరిటెతో ఒక్కసారి కొట్టి, ఆ శబ్దాన్నే సాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాన్ని వేర్వేరు స్వరాల్లో పలికించే సాధనం) పెట్టి కీబోర్డంతా వాయించడం ఎలాగో పోయిన వారం రాశాను. ట్యూనర్ 440 హెర్ట్జ్ చూపించింది కాబట్టి రూట్ నోట్ (రికార్డింగు ఉన్నదున్నట్టు మోగాల్సిన మెట్టు నంబరు) 60 పెట్టమన్నాను. అది తప్పు, నాదే పొరపాటు.

మిడి (కీబోర్డు మెట్లకు నంబర్లిచ్చే పద్ధతి) నోట్ల పట్టిక ప్రకారం 440 హెర్ట్జ్ అంటే 69వ నోటు. 60 అంటే మిడిల్ సి (కీబోర్డు మధ్యలోని సి స్వరం), దాదాపు 261.6 హెర్ట్జ్. నేను చెప్పినట్టు పెడితే ప్రతి మెట్టూ తొమ్మిది సెమిటోన్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోను) పైన పలుకుతుంది. గిన్నె ఒక్కటే మోగిస్తే ఇది తెలియదు. గాజువాక నుంచి వచ్చిన మా బావ పక్కన హార్మోనియం పెట్టాక గానీ నాకూ తెలియలేదు. (మిడిల్ సిని కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అని, కొన్ని సి4 అని చూపిస్తాయి. పేరు కాదు, నంబరు చూసుకోండి.)

ఇంకోటి. పై మెట్లలో శబ్దం తొందరగా ఆగిపోతోందంటే ఫైలు పాడైందని కొందరు అనుకున్నారు. పాడవలేదు. మామూలు సాంప్లర్ శ్రుతి పెంచడానికి రికార్డింగునే వేగంగా తిప్పుతుంది, ఒక్కో సెమిటోనుకు సుమారు 1.0595 రెట్లు. ఒక ఆక్టేవ్ (పన్నెండు సెమిటోన్లు) పైకి వెళితే రెండింతల వేగం, అంటే నాలుగు సెకన్ల మోత రెండు సెకన్లకే అయిపోతుంది. అందుకే అసలు స్వరానికి అటూ ఇటూ నాలుగైదు మెట్లలోనే గిన్నె గిన్నెలా వినిపిస్తుంది.

పాత పోస్టులో నంబరు మార్చేశాను.