ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగవద్దు

అక్వేరియం ఫిల్టర్‌లోని స్పాంజిని, సెరామిక్ రింగులను వారానికోసారి కుళాయి కింద తెల్లబడేదాకా కడగాలని ఒక వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి. మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది బ్యాక్టీరియాను చంపేస్తుంది. స్పాంజికి పట్టిన గోధుమరంగు జిగురు మురికిలా కనిపిస్తుంది గానీ, చేపల ప్రాణాలు నిలబెట్టే బ్యాక్టీరియా ఉండేది అందులోనే. చేపలు విడిచే అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, నైట్రోస్పైరా వంటివి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అమోనియా, నైట్రైట్ రెండూ చేపలకు కొద్దిపాటి మోతాదులోనే విషం. నైట్రేట్ కొంత ఉన్నా చేపలు తట్టుకుంటాయి, నీళ్లు మారిస్తే తగ్గుతుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. దాన్ని కాస్తా కడిగేసి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే జబ్బు చేసిందనుకుని మందులు పోసేవాళ్లు ఎందరో! పాపం, ఆ మూగజీవాలు ఏం చెప్పుకోగలవు?

నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీటినే బకెట్‌లో పట్టి, స్పాంజిని అందులో రెండు మూడుసార్లు పిండితే చాలు. అదీ ఫిల్టర్ నుంచి వచ్చే ధార సన్నబడినప్పుడే. రింగులు అరిగిపోతే ఒకేసారి మార్చకండి. సగం ఇప్పుడు, మిగతా సగం నెల తర్వాత. కరెంటు గంటల తరబడి పోతే స్పాంజిని బయటికి తీసి తొట్టి నీటిలోనే ఉంచండి, ఆ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి.