నా ఏడో పాటను పూర్తి చేయమని ఎవరడిగారు?

ముందే చెబుతున్నాను, ఈ రోజు నాకు తిక్కగా ఉంది. "అన్ని పాటలూ ఫోనులో దొరుకుతాయి కదా" అని కింద రాయదలచుకున్నవాళ్లు ఇక్కడే ఆగి, ఆ ఫోనులో ఏదో ఒకటి పెట్టుకొని వినండి.

పొద్దున మా మేనల్లుడు వచ్చాడు. నా పుట్టినరోజట, బహుమతి తెచ్చాడు. "అత్తా, నీ పాత కేసెట్‌లోని పాటలన్నీ అదే వరుసలో నీ ఫోనులో పెట్టేశాను. తప్పులు కూడా సరిచేశాను" అన్నాడు.

తప్పులు!

1990లో నేను టి.నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. అప్పటికి ఇది మద్రాసే. పాండీ బజారుకు వెనక సందులో, ఖాళీ కేసెట్ ఇస్తే మనం అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణం ఉండేది. కాగితం మీద జాబితా రాసిస్తే వారానికి రమ్మనేవాడు. వారమంటే మూడు వారాలు. అరవై నిమిషాల కేసెట్, వైపుకు ముప్పై. అతనికి తెలుగు చదవడం రాదు, నాకు తమిళం రాయడం రాదు. నేను అడిగింది 'గీతాంజలి'లో బాలు పాడిన పాట. అతను ఎక్కించింది అదే పాట తమిళంలో, మనో పాడింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా అది, దాని పాటను కూడా తమిళంలో వినే రాత నాది! పాడిందేమో మళ్లీ తెలుగువాడే. నాలుగు రోజులు ఆ దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను. తర్వాత ఆ పాట నాకు తమిళంలోనే నోటికొచ్చేసింది. 2020 సెప్టెంబరులో బాలు పోయిన రోజు మా ఇంట్లో అందరూ ఆ పాట పెట్టుకొని ఏడుస్తుంటే, నేను ఒక్కదాన్నే తమిళ మాటలు గొణుక్కుంటూ ఏడ్చాను.

మావాడు దాన్ని పీకేసి తెలుగుది పెట్టాడు. సరిచేశాడు.

సరే, అదైనా ఓర్చుకుంటాను. ఏడో పాట సంగతి చూడండి. ఆరు పాటలు పోగా మిగిలిన ఒకటిన్నర నిమిషంలో అది మొదలై, పల్లవి అయ్యి, వేణువు అందుకునేసరికి టేపు అయిపోయి టక్కుమని మీట పైకి లేచేది. ఆ టక్కు కూడా పాటలోదే. నా గదిలో ఉండే అమ్మాయి అక్కడి నుంచి మిగతా పాటను తనే అల్లి పాడేది, రోజుకో రకంగా. ఒకరోజు అందులో మా వార్డెన్‌ను కూడా కలిపింది. ఇవాళ ఆ పాట మొదటిసారి చివరిదాకా విన్నాను. ఏముందండీ అందులో? రెండు చరణాలు, మధ్యలో ఇంటి రుణాల ప్రకటన. ఆ అమ్మాయి పాడిందే వంద రెట్లు నయం.

ఇదంతా నేను ఫోను చెవిన పెట్టుకొని వింటుండగా అయ్యగారు ఇంకో సాయం కూడా చేశారు. "ఇక ఎందుకత్తా" అని టేప్ రికార్డర్‌ను వీధిలో వెళుతున్న పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఎనభై రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టారు కూడా. కేసెట్ చెత్తబుట్టలోంచి నేను తీసుకున్నాను.

వాణ్ణి అని ఏం లాభం? తండ్రి పోలికలు ఎక్కడికి పోతాయి!

మా అన్నయ్య గురించి చెప్పాలి. కేసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, అవి విరిచేస్తే దాని మీద ఇంకేమీ రికార్డు కాదు. నేను గోరు విరిగినా వదలకుండా రెండూ విరిచి పెట్టుకున్నాను. మహానుభావుడు 1993లో ఒక గుంట మీద సెల్లోటేపు అంటించి, రెండో వైపంతా తన ఇంటర్వ్యూ సాధన రికార్డు చేసుకున్నాడు. తన ఇంగ్లీషు తనే విని దిద్దుకోవడానికట. ఉద్యోగం రాలేదు, నా పాటలూ పోయాయి. అడిగితే "ఖాళీదనుకున్నానమ్మా" అన్నాడు. పైన నా చేతిరాతతో ఉన్న చీటీ ఆయనకు కనిపించలేదు! ఆ వైపు పాటలు ఎంచింది ఆ గదిలో అమ్మాయే. నాకిప్పుడు నాలుగే గుర్తున్నాయి. ఆమె పెళ్లయి వెళ్లిపోయింది, అడగడానికి చిరునామా కూడా లేదు. అన్నయ్య ఈ రోజు వరకు తప్పయిందని ఒక్క మాట అనలేదు. పైగా ఇందాక ఫోన్ చేసి, "మావాడి బహుమతి ఎలా ఉంది?" అని అడిగాడు.

చాలా బాగుందన్నాను.

రేపు రిచీ స్ట్రీట్‌కు వెళుతున్నాను. పనిచేసే టేప్ రికార్డర్, బెల్టు సాగిపోనిది, అక్కడ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఎంతైనా ఇస్తాను. ఆదివారం వాళ్లందరినీ భోజనానికి పిలిచాను. ముందు రెండో వైపు పెడతాను. వాళ్ల నాన్న ముప్పై నిమిషాల పాటు ఇంగ్లీషులో తన పేరూ, ఊరూ, క్రికెట్ అంటే ఎంత ఇష్టమో చెప్పుకుంటూ పోతాడు. మా మేనల్లుడు అందులో తప్పులు సరిచేయాలి, టక్కుమని మీట లేచేదాకా.