‘అన్నీ నార్మలే’ అంటే రోగ నిర్ధారణ కాదు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా చిన్నమ్మ దగ్గర ఒక ప్లాస్టిక్ కవరుంది. రెండేళ్ల రిపోర్టులన్నీ అందులోనే: థైరాయిడ్, బీ12, ఎండోస్కోపీ, ఎమ్మారై. ఒళ్లంతా నొప్పులు, కాళ్లలో తిమ్మిర్లు, రాత్రిళ్లు నిద్ర లేదు. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "అన్నీ నార్మలే అమ్మా, టెన్షన్ పెట్టుకోకండి." చివరికి ఇంట్లోవాళ్లే నటిస్తోందేమో అన్నారు. ఆమెను నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ కుంగదీసింది.

పరీక్షల్లో కారణం దొరకనంత మాత్రాన బాధ అబద్ధమైపోదు. అసలు ‘ఏమీ దొరకలేదు’ అన్నదాని మీద జబ్బుకు పేరు పెట్టడమే తప్పని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే పుస్తకం) ఒప్పుకుంది.

ఇలాంటి జబ్బుల్లో కొన్నింటిని నేరుగా గుర్తుపట్టే పద్ధతులున్నాయి. 1908లోనే హూవర్ అనే డాక్టర్ ఒకటి రాసిపెట్టాడు. కాలు పడిపోయిందని వచ్చిన మనిషిని పడుకోబెట్టి, ఆ మడమ కింద డాక్టర్ చెయ్యి పెడతాడు. నొక్కమంటే కాలు నొక్కదు. రెండో కాలు పైకెత్తమంటే మాత్రం ఆ మడమే తనంతట తాను చేతిని నొక్కుతుంది! నరం, కండరం బాగానే ఉన్నాయి, మెదడు ఆ కదలికను నడిపించే తీరులోనే ఇబ్బంది ఉంది. ఇది నటన కాదు. రోగికి అక్కడికక్కడే చూపించి ధైర్యం చెప్పొచ్చు. దీనికి స్కాన్ అక్కర్లేదు.

స్కాన్ రాయకపోతే పెద్ద జబ్బేదో తప్పిపోతుందని డాక్టర్లు అంటారు. ఆ భయం నిజమే. కానీ కడుపులో అల్సర్లను ఏళ్ల తరబడి టెన్షన్‌కు అంటగట్టిందీ వైద్యులే. దానికి కారణం ఎక్కువగా ఒక బ్యాక్టీరియా అని తేల్చిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. తొందరపడి ‘టెన్షన్’ అనేయడం వల్ల కూడా జబ్బు తప్పిపోతుంది.

అసలు కొరత మిషన్లది కాదు, టైముది. అమీర్‌పేటలో అడుగుకో డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది, పావుగంట కూర్చుని వినే డాక్టర్ లేడు. మన దేశంలో ఓపీలో ఒక్కో రోగికి దక్కేది సగటున రెండు నిమిషాల పైచిలుకేనని 2017లో ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని కూడా ప్రధానంగా ఆపరేషన్లు, ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల చుట్టూనే అల్లారు. కత్తికి రేటుంది, చెవికి లేదు. ఇంటిల్లిపాదినీ ఎరిగిన ఫ్యామిలీ డాక్టర్‌ను పోగొట్టుకుని, ఆ చోటులో ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు పెట్టుకున్నాం.

ప్రభుత్వం ముందు బస్తీ దవాఖానాల్లో వారానికి ఒక పూట ఇలాంటి రోగుల కోసం విడిగా కేటాయించాలి. ఒక్కొక్కరికి అరగంట ఇవ్వాలి. మొదటి ప్రశ్న రిపోర్టుల గురించి కాకుండా, ‘ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది?’ అని ఉండాలి. రెండేళ్లలో మా చిన్నమ్మను ఆ మాట ఎవరూ అడగలేదు.